తొందర యెవరిది?

గడచిన మాసమున నింటి జమాఖర్చులు వ్రాసియుంచుకొనుటనుగూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసమున నే జమాఖర్చుల పుస్తకమునకును ఎక్కని యొక వ్యయమునుగూర్చి మీతో మాటలాడదలచితిని. అది మన నిర్ణయములవలన గలుగు వ్యయము. నిలువవలసినచోట తొందరపడి కొంత, తొందరపడవలసినచోట నిలిచి కొంత, ప్రతి గృహిణియు నేటేట పోగొట్టుకొనుచునేయుండును.

మన పెద్దలు మనకు రెండు సామెతలు అప్పగించిపోయిరి. "నిదానమే ప్రధానము" అనునది యొకటి. "ఆలస్యమువలన అమృతము విషమగును" అనునది రెండవది. పని చెడినపిమ్మట ఈ రెండింటిలో దేనినైనను జెప్పవచ్చును, వినువారు తలయూపుదురు. కాని పని మొదలిడకమునుపు రెండింటిలో దేనిని పాటింపవలెనో యే సామెతయు జెప్పదు. ఆ యెఱుక లేక నేను ఒకే సంవత్సరమున రెండు తప్పులు చేసితిని. ఇతరులను బోధించుటకు ముందు నా తప్పులను జెప్పుకొనుట న్యాయము.

మొదటిది సంతకముమాట. మావారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులు. నెలజీతముగల వాని సంతకమునకు ఊరిలో నెంత గిరాకియో నావంటి యుద్యోగుల భార్యలకు వేఱుగ జెప్పనక్కఱలేదు. ఒకనాడు దీపములు పెట్టువేళ మావారికి పినతండ్రి వరుస యగు బంధు వొకరు వచ్చిరి. వారు ఐదులక్షల రూపాయల చీటీ పాడిరట. నెలకు పదివేల చొప్పున ఏబది నెలలు కట్టవలసిన చీటీ అది. పాడిన సొమ్ము చేతికి రావలెనన్న నుద్యోగస్థుని పూచీ కావలెనట. "రేపటితో గడువు తీరిపోవును నాయనా! ఈ రాత్రియే కాగితము చేరవలెను" అనిరి. మావారు "బాబాయిగారూ! ఒకసారి చదివి రేపు చెప్పెదను" అని నెమ్మదిగా ననుచుండగా, వంటయింటి గుమ్మములో నిలుచున్న నేను "ఇంటికి వచ్చిన పెద్దవారిని వట్టిచేతులతో పంపుదుమా?" అంటిని. ఆ మాటతో సంతకము పడినది.

ఏడాదిపాటు వాయిదాలు సక్రమముగా సాగినవి. తరువాత వారి దుకాణము మూతపడినది, వాయిదాలు నిలిచినవి, తాఖీదు మా యింటికి వచ్చినది. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేఱువిధముగ వ్రాసికొననియెడల, బాకీదారునకు ఎంత బాధ్యతయో పూచీదారునకును అంతయే బాధ్యత. బాకీదారుని ముందడిగి, అతడు ఈయలేనిచో మాత్రమే పూచీదారుని వద్దకు రావలెనను నియమము లేదు. ఈ సంగతి మాకు కాగితము చేతికివచ్చిన పిమ్మట తెలిసినది. వారు చెప్పిన గడువుమాటయు నంతే. పూచీ కాగితములు అందువఱకు పాటసొమ్ము బ్యాంకులో వేఱుగా నిలువయుండునేకాని, తెల్లవాఱుసరికి మాయమగునది కాదు. మావారి జీతములో కొంత రెండేండ్లు ఆ బాకీకే పోయినది.

రెండవది చెప్పుటకు నాకు కష్టముగానున్నది, అయినను జెప్పెదను. అదే సంవత్సరమున నొకనాటి యుదయము ఏడుగంటలవేళ మా అత్తగారు తులసికోటకు నీరు పోయుచుండగా చెంబు చేజారినది. నేను పరుగెత్తి చూడగా నోరు కొద్దిగా నొకప్రక్కకు లాగినట్లుండెను. "రాత్రి నిద్ర చాలలేదే అమ్మాయీ" అని ముద్దముద్దగా బలికి పండుకొనిరి. నేను కాఫీ ఇచ్చితిని. అది పెదవి మూలనుండి కారినది. కొంగుతో తుడిచితిని. చూచితిని, తుడిచితిని, అయినను ఊరకుంటిని. బడిలో పరీక్షలు జరుగుచుండెను. మావారిని పిలుచుట యెట్లు? ఆయన వచ్చిన పిమ్మట చూచుకొందము. బండి కట్టించుకొని పట్టణమునకు పోయినతరువాత ఏమియు లేదని వైద్యులన్నచో నలుగురిలో నగుబాటుకదా! ఇట్లు తలపోయుచు సాయంకాలమువఱకు గడిపితిని.

పట్టణపు ఆసుపత్రిలో వైద్యుడు మొట్టమొదట నడిగిన ప్రశ్న "ఇది ఎన్నిగంటలకు మొదలైనది?" అని. "ఉదయము ఏడింటికి" అంటిని. ఆయన గోడమీది గడియారమువంక జూచి కొంతసేపు మాటలాడలేదు. మెదడునకు రక్తము గొనిపోవు నాళములో గడ్డ అడ్డుపడుటచేత వచ్చిన పక్షవాతమది. గడ్డను కరగించు మందు కలదు. కాని అది లక్షణములు మొదలైన నాలుగున్నర గంటలలోపల పడవలెను. మేము చేరునప్పటికి పండ్రెండు గంటలు గడచెను. నేడు మా అత్తగారు చేతికఱ్ఱతో నడచుచున్నారు. కుడిచేయి మాత్రము తిరిగి స్వాధీనమునకు రాలేదు. చాటలో బియ్యము పోసికొని యెడమచేతితో రాళ్లు ఏరుచు, "నీకేమి తెలియును అమ్మాయీ!" అని నన్నే ఓదార్చుదురు. వేళకు పోయినచో ఆ చేయి తప్పక నిలిచెడిదని నేననలేను. ఆ మందు అందఱికిని సరిపడదు, అందఱికిని పూర్తిగా గుణమీయదు. కాని ఆ యవకాశమును నేను ఆమెకు దక్కనీయలేదు. ఇది మాత్రము నిజము.

ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి నేను చాలకాలము ఆలోచించితిని. ఒకచోట తొందరపాటు, వేఱొకచోట తాత్సారము. పైకి రెండును విరుద్ధములు. కాని వేరు ఒక్కటే. బంధువు ఏమనుకొనునో యను మొగమాటముచే నాడు సంతకము చేయించితిని. వైద్యుడును, ఊరివారును ఏమనుకొందురో యను మొగమాటముచే నాడు కదలకుంటిని. రెండుచోట్లను నేను పనిని జూడలేదు. పదిమంది ముఖములను జూచితిని.

మహాభారతమునందలి శాంతిపర్వములో భీష్మపితామహుడు ధర్మరాజునకు రెండు కథలు చెప్పెను. మొదటిది చిరకారి కథ. గౌతమమహర్షి కుమారుడగు చిరకారి యే పనినైనను దీర్ఘముగా నాలోచించి చేయువాడు. అందుచే జనులతనిని సోమరి యనిరి. గౌతముడొకనాడు భార్యపై నాగ్రహించి, తల్లిని వధింపుమని కొడుకునకాజ్ఞాపించి అడవికేగెను. తండ్రిమాట యొకవైపు, తల్లిప్రాణ మొకవైపు. చిరకారి ఆయుధమును జేతబట్టి ఆలోచించుచునేయుండెను. ఇంతలో గౌతమునకు కోపముతగ్గి పశ్చాత్తాపము కలిగెను. కొడుకు తన పేరునకు దగినట్లు ఆలస్యము చేసియుండిన బాగుండునని విలపించుచు తిరిగివచ్చి, బ్రతికియున్న భార్యను జూచి, కొడుకును గౌగిలించుకొనెను.

రెండవది మూడు చేపల కథ. జాలరులు మడుగులోని నీటిని తోడివేయుచుండగా, రాబోవు నాపదను ముందే యూహించిన చేప కాలువవెంట లోతునీటికి తరలిపోయెను. సమయస్ఫూర్తి గల రెండవచేప, జాలరులు చేపలను త్రాటగ్రుచ్చునపుడు తానే త్రాటిని నోట గఱచి పట్టుకొని, కడుగుటకు మంచినీట ముంచినపుడు విడిచి తప్పించుకొనెను. "చూతములే" యని కూర్చున్న దీర్ఘసూత్రుడను మూడవచేప ప్రాణముల గోల్పోయెను.

ఒకే పితామహుడు ఒకే పర్వములో నొకచోట ఆలస్యమును బొగడి, వేఱొకచోట నిందించెనేమి? బాల్యమున మా తండ్రిగారివద్ద ఈ కథలు చదువుకొన్నపుడు నాకీ సందేహము రాలేదు. ఇంటికి తాఖీదు వచ్చినపిమ్మట వచ్చినది. నాకు తోచిన సమాధానమిది. చిరకారి కథలో త్వర యెవరిది? గౌతముని కోపముది. పనిలో త్వర లేదు. తల్లి యెక్కడికిని పారిపోవుటలేదు. మరునాడైనను ఆ యాజ్ఞ నడచును. కాని నడచినపిమ్మట తిరిగి దిద్దుకొనుట కలలోనైన లేదు. చేపల కథలో త్వర యెవరి నోటను లేదు, తగ్గిపోవుచున్న నీటిలోనున్నది. ఎవరికై యాగినను నీరు ఆగదు.

కావున ఏదేని నిర్ణయము ఎదుటబడినపుడు మూడుప్రశ్నలు వేసికొనుట నేనిపుడు అలవాటు చేసికొంటిని.

ఒకటి: తొందర పనిలోనున్నదా, పని చెప్పువాని నోటిలోనున్నదా?

రెండు: ఇది పొరపాటని తేలినచో వెనుకకు దిద్దుకొనవచ్చునా?

మూడు: ఈ రాత్రి యాగి రేపు చేసినచో నిజముగా నష్టపోవునది యేమి? దానిని ఒక్కమాటలో చెప్పగలనా?

మొదటి ప్రశ్న యీకాలమున మఱింత యవసరము. ఇప్పుడు మోసగాండ్రు వీధితలుపు తట్టుటలేదు, చరవాణిలో పిలుచుచున్నారు. పోలీసులమనియు, మీ పేర నేరము నమోదైనదనియు, దృశ్యముఖముగా మిమ్ములను "డిజిటల్ అరెస్టు" చేసితిమనియు, ఎవ్వరితోను మాటలాడక ఈ క్షణముననే సొమ్ము పంపుడనియు బెదరింతురు. అట్టి యరెస్టు మన చట్టములో లేనే లేదు. "ఇప్పుడే, ఎవ్వరికిని చెప్పక" అను రెండుమాటలు కలిసి వినబడినచో తొందర వానిదేకాని మీది కాదని తెలిసికొని మాట కట్టివేయుడు. కాని సొమ్ము పోయినదా, అప్పుడు నిజముగా తొందర మీదగును. 1930 అను సంఖ్యకు తత్‌క్షణమే ఫిర్యాదుచేయవలెను. సొమ్ము చేతులు మాఱకమునుపే దానిని నిలిపివేయు నవకాశముండును. ఒకే వ్యవహారములో ఒక నిమిషము ముందు నిదానము ప్రధానము, ఒక నిమిషము తరువాత ఆలస్యము విషము!

తొందర పనిలోనే యున్న సందర్భములు సంసారములో ఎక్కువ లేవు. అవి కొలదిగా నుండుటచేతనే వానిని ముందుగా నేర్చియుంచుకొనవచ్చును. ఆపద వచ్చినపుడు ఆలోచింతమన్న బుద్ధి పనిచేయదు. రెండవచేపకున్న సమయస్ఫూర్తి మనకు లేకున్నను, మొదటిచేపవలె ముందు సిద్ధపడుట మన చేతిలోనిది. మా వంటయింటి తలుపు వెనుక నేనొక కాగితము అంటించితిని. దానియందిట్లున్నది:

నోరు ఒకప్రక్కకు లాగినను, ఒకచేయి పైకెత్తలేకున్నను, మాట తడబడినను, వెంటనే 108. మొదలైన గంట వ్రాసికొనవలెను. నోటికి నీరుగాని, ఆహారముగాని, మాత్రగాని ఈయరాదు. గంటలు దాటినను ఆసుపత్రికి పోవుట మానరాదు. కొందఱికి ఆ పిమ్మటను చేయదగిన చికిత్స కలదు.

పాము కఱచినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కఱచిన యవయవమును కదలనీయక, విషమునకు విరుగుడు సూదిమందున్న ఆసుపత్రికి పోవలెను.

కుక్క కఱచినచో సబ్బుతో, ధారగా పాఱు నీటిక్రింద పదునైదు నిమిషములు కడిగి, ఆనాడే టీకాకు పోవలెను. పసుపు, కారము, సున్నము పూయరాదు.

బిడ్డకు విరేచనములైనచో లవణచక్కెర ద్రావకపు పొట్లము కలిపి త్రావింపవలెను. పొట్లము లేనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అరచెంచా యుప్పు. కన్నులు లోతుకుపోయినను, త్రాగలేకున్నను, మగతగానున్నను ఆసుపత్రి.

క్రింద ఎఱ్ఱసిరాతో నొక్కవాక్యము: "వీనికి ఎవరి యనుమతియు అక్కఱలేదు." ఆ వాక్యమును వ్రాసినది మావారు. సోదరీమణులారా! ఈ కాగితమును మీ యింట అంటించునపుడు ఆ వాక్యమును మీ యింటి యజమానిచేత వ్రాయించుడు. అది మందులకంటె ముఖ్యము.

ఇక తొందర లేని పెద్ద నిర్ణయములమాట. పిల్లల చదువు, వివాహసంబంధము, నగల తాకట్టు, పొలము క్రయవిక్రయములు, పూచీ సంతకములు, ఇవి చిరకారి మార్గమున పోవలసినవి. కాని ఊరక ఆగుట యాలోచన కాదు. విద్యుచ్ఛక్తిని పరిశోధించిన అమెరికాదేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1772లో, తన మిత్రుడగు జోసెఫ్ ప్రీస్ట్లీ యేదో సందిగ్ధములో నుండి సలహా యడుగగా, ఏమి నిర్ణయింపవలెనో చెప్పక ఎట్లు నిర్ణయింపవలెనో చెప్పెను. కాగితమును నిలువుగీతతో రెండుభాగములు చేయవలెను. ఒకవైపు అనుకూలములు, రెండవవైపు ప్రతికూలములు. మూడునాలుగు దినములు తోచినపుడెల్ల తోచినది వ్రాయుచుండవలెను. పిమ్మట సమానమైన బరువుగలవానిని ఇటొకటి, అటొకటి కొట్టివేయవలెను. ఒకదానికి రెండు సరితూగినచో మూడింటిని కొట్టివేయవలెను. మిగిలినదానినిబట్టి త్రాసు ఎటు మొగ్గునో తెలియును.

మా పిల్ల పదవతరగతి ముగించినపుడు నేనీ పద్ధతిని పరీక్షించితిని. పట్టణములో వసతిగృహమున నుంచవలెనా, ఇంటినుండి బస్సులో పంపవలెనా అనునది ప్రశ్న. మొదటిదినము రుసుము, భోజనము, ప్రయాణకాలము వ్రాసితిమి. రెండవదినము బెంగ, భద్రత, చదువునకు దొరకు గంటలు చేరినవి. రెండువైపులను కొట్టివేయగా త్రాసు సమముగానే నిలిచినది. మూడవదినమున కాగితమును జూచుచుండగా నాకు సిగ్గువేసినది. ఇన్ని పంక్తులలో "పిల్లనడిగితిమా?" అను పంక్తి లేదు. అడిగితిమి. అది యొక నిమిషమాలోచించి, "అమ్మా! రుసుము నెలనెలకు కట్టుచోట మూడునెలలు ఉండి చూచెదను. నచ్చనిచో బస్సు ఎటుపోవును?" అన్నది. దిద్దుకొనవీలులేదని మేము భయపడుచున్నదానిని దిద్దుకొనవీలుగా మార్చినది పదునైదేండ్ల పిల్ల! పెద్ద నిర్ణయమును చిన్నచిన్న పరీక్షలుగా విడదీయవచ్చునేమో చూడుట ఆనాటినుండి నాకు నాలుగవ ప్రశ్న యైనది.

మరల మొగమాటముమాట. ఎదుట పెద్దవారు కూర్చుండి కాఫీ త్రాగుచుండగా "ఆలోచించి చెప్పెదను" అనుట సులభము కాదు. అందుచేత ఆ మాటను ఇంటి నియమముగా జేసికొనుట మేలు. "మా యింట సంతకమైనను, అప్పైనను, రాత్రి నిద్రపోయి లేచినగాని నిర్ణయింపము, ఇది మా కట్టుబాటు" అని మేమిపుడు చెప్పుచున్నాము. వచ్చినవారికి అది తమపై నపనమ్మకముగా దోపదు, ఇల్లన్నపిమ్మట ఆచారములుండుననుకొందురు. నిజముగా నవసరముగలవారు మరునాడు వచ్చెదరు. ఇప్పటికి మువ్వురు వచ్చి యడిగిరి. ఇద్దఱు మరునాడు రాలేదు. వచ్చిన మూడవవారికి కాగితములు చదివి, ఆ సొమ్ము మునిగినను మేము భరింపగలమా యని లెక్కవేసికొని, చేతనైనంత సాయము చేసితిమి.

ఇంకొక చిన్నపని. జమాఖర్చుల పుస్తకపు చివరి పుటలలో ముఖ్యనిర్ణయములను వ్రాయుడు: తేదీ, చేసిన నిర్ణయము, అట్లేల చేసితిమి, ఏమి జరుగునని తలచితిమి. ఆఱునెలలకొకసారి తిరిగి చదువుడు. "నాకు ముందే తెలియును" అని మనసు చెప్పు అబద్ధమును ఆ పుట పట్టియిచ్చును. మంచి యాలోచనకును చెడుఫలము రావచ్చును. తప్పుడాలోచనకును అదృష్టము కలసిరావచ్చును. ఫలమును మాత్రమే చూచువారు దేనినుండియు నేర్వలేరు.

ఇక కూర యేమి, చీర యేరంగు, పేరంటమునకు ముందెవరింటికి, ఇట్టివానికి ఈ పరీక్షలన్నియు అక్కఱలేదు. దిద్దుకొనవీలైన చిన్నపనులను చప్పున తేల్చివేయుడు. వంకాయయా బెండకాయయా యని అరగంట తర్కించి, పూచీకాగితముమీద అరనిమిషములో సంతకము చేయించిన యిల్లాలిని నేనెఱుగుదును. ఆమెయే ఈ వ్యాసము వ్రాయుచున్నది.

చేతులు కాలినపిమ్మట ఆకులు పట్టుకొన్నట్లని మీరనవచ్చును. నిజమే. కాని నా చేతులు కాలినందుకు మీ చేతులకైన ఆకులు ముందుగా దొరికినచో నాకదియే తృప్తి. ఈ పుటను చదివి ముగించినవెంటనే, పొయ్యిమీది పాలు దించివచ్చి, తలుపువెనుక అంటించు కాగితమును మొదట వ్రాయుడు. ఆ యొక్కపనికి మాత్రము రేపటివఱకు ఆగవలదు.